సైకిలు వీరుడు ఫౌస్తో కొప్పి

మహనీయుల జీవితచరిత్రములను విద్యార్థులకు తెలియజేయుట పాఠశాలల వార్షిక సంచికలకు చిరకాలముగా అలవాటైన పని. దైవసేవకులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు, శాస్త్రజ్ఞులను గూర్చియు పెద్దలు పెక్కు వ్యాసములు వ్రాసియున్నారు. ఈ యేడు మేము ఎన్నుకొనిన పురుషుడు వీరిలో ఎవ్వరి కోవకును చెందినవాడు కాడు. అతడు జీతమునకు సైకిలు త్రొక్కి బ్రదికినవాడు. ఇటలీ దేశీయుడు. పేరు ఫౌస్తో కొప్పి. అతడు మరణించి అఱువదియైదేండ్లు దాటినది. ఐనను సైకిలు పందెములను ప్రేమించువారు లోకమున ఉన్నంతవఱకు ఆ పేరు మఱుగుపడదు.

మేమును అట్టి ప్రేమికులలో చేరినవారమే. ఇరువది యేండ్లకు మించి ఈ పందెములను గమనించుచున్నాము. ఇంత కాలములో ఈ క్రీడయెడల మా భావము ఒక్కతీరున నిలువలేదు. అది ఆశ్చర్యముగా మొదలై, నడుమ రోతగా మాఱి, తుదకు వేఱొక రూపము దాల్చినది. ఈ మార్పులన్నిటిని కొప్పి జీవితమున అద్దమునందువలె చూచుకొనగలిగితిమి. కావున అతని కథతోపాటు మా మాటయు అక్కడక్కడ కలిపి చెప్పుదుము.

ముందుగా ఈ క్రీడ యెట్టిదో తెలియవలెను. రోడ్డుమీది సైకిలు పందెములలో మిక్కిలి పేరుగలవి రెండు. ఒకటి 1903లో ప్రారంభమైన ఫ్రాన్సు చుట్టుపందెము. రెండవది 1909లో ప్రారంభమైన ఇటలీ చుట్టుపందెము. ఇవి ఒక్కొక్కటి దాదాపు మూడు వారములు సాగును. అనంతపురమునుండి బెంగుళూరు వఱకు గల దూరమును ఒక్క పగటిలో త్రొక్కి, మఱునాడు మరల అంత దూరము బయలుదేఱవలెనన్న ఎట్లుండునో ఊహించుకొనుడు. నడుమ పెనుగొండ దుర్గమువంటి కొండలు గాక, మంచు కరుగని ఆల్ప్సు పర్వతముల కనుమలు అడ్డు నిలుచును. ప్రతిదినము పట్టిన కాలమును కూడగా, మొత్తముమీద ఎవని కాలము తక్కువయో వాడే విజేత.

ఈ పందెములో కొండ యొక శత్రువైనచో గాలి మఱియొక శత్రువు. ఈ మాట కనగానపల్లి బాలురకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆషాఢమాసమున పడమటిగాలి వీచునపుడు ఎదురుగా సైకిలు త్రొక్కుట ఎంత కష్టమో వారెఱుగుదురు. రామగిరి కొండలమీద గాలిమరలను నాటుటకు కారణమైన గాలి యిదియే. అట్టి గాలిలో ఒకని వెనుక నొకడు చక్రమునకు చక్రము దగ్గరగా పోయినచో వెనుకవానికి శ్రమలో నాలుగవ వంతునకు పైగా తగ్గును. పందెములు నడపువారు ఈ రహస్యమును బాగుగ ఎఱుగుదురు. అందుచేత ప్రతి జట్టును ఒక నాయకుని ఏర్పఱచుకొని, తక్కినవారిని అతని ముందు నిలిచి గాలిని కోయుటకును, నీటి సీసాలు తెచ్చి యిచ్చుటకును, అతని చక్రము పంచరైనపుడు తమ చక్రమును ఊడదీసి యిచ్చుటకును నియోగించును. ఇటలీ భాషలో ఇట్టివానిని గ్రెగారియో అందురు. మందలోనివాడని ఆ పదమునకు మూలార్థము. గెలుపు నాయకునిది, గాలి గ్రెగారియోది.

కొప్పి 1919 సెప్టెంబరు 15వ తేదీన ఇటలీ వాయవ్యమున పియెమొంతె సీమయందలి కాస్తెల్లానియా అను కుగ్రామమున జనించెను. తల్లిదండ్రులు కష్టించి జీవించు సేద్యగాండ్రు. ఐదుగురు బిడ్డలలో ఇతడు నాలుగవవాడు. శరీరము బక్కపలుచన, ఎముకలు పెళుసు, కాళ్లు మాత్రము కొంగకాళ్లవలె పొడవు. పదుమూడేండ్ల ప్రాయమున బడి విడిచి, నోవి లిగూరె అను పట్టణమున ఒక మాంసపు దుకాణమున పనికి కుదిరెను. కొనుగోలుదారుల యిండ్లకు సరకును సైకిలుమీద చేర్చుట అతని పని. ఊరినుండి దుకాణమునకును, దుకాణమునుండి ఇంటింటికిని త్రొక్కుచు త్రొక్కుచు అతని కాళ్లు తమ విద్యను తామే నేర్చుకొనెను. ఓడలమీద ఉద్యోగము చేయుచుండిన పినతండ్రి కొంత సొమ్ము పంపగా, దానితో పందెములకు తగిన సైకిలు నొకదానిని చేయించుకొనెను.

ఆ పట్టణముననే బియాజో కవాన్న అను నొక గురువు కలడు. ఇతడు కన్నులు కోల్పోయినవాడు. పందెగాండ్ర శరీరములను మర్దనము చేయుట ఇతని వృత్తి. చూపు లేకున్నను వ్రేళ్లతో కండరములను తడవి, ఎవనిలో ఎంత సత్తువ కలదో చెప్పగలిగెడివాడు. సన్నని యీ మాంసపు దుకాణపు కుఱ్ఱవాని కాళ్లను, ఱొమ్మును తడవి, ఇందున్నది సామాన్యమైన శక్తి కాదని ఆ అంధుడు గ్రహించెను. కన్నులున్నవారు కనిపెట్టలేనిదానిని అతడు కనిపెట్టెనని చెప్పుటలో అతిశయోక్తి లేదు. భోజనము, నిద్ర, సాధన, విశ్రాంతి యన్నింటికిని ఆ గురువు నియమము విధించెను. శిష్యుడు పాటించెను.

1940వ సంవత్సరమున కొప్పి జీతగాడుగా లెన్యానో జట్టులో చేరెను. ఆ జట్టునకు నాయకుడు జీనో బార్తలి. బార్తలి అప్పటికే రెండుమాఱులు ఇటలీ చుట్టుపందెమును, ఒకమాఱు ఫ్రాన్సు చుట్టుపందెమును గెలిచిన మేటి, భక్తిపరుడైన కతోలికుడు. కొప్పి అతనికి గాలి కోయవలసిన సేవకుడు. కాని పందెము ఆరంభమున నొక కుక్క అడ్డము రాగా బార్తలి పడి గాయపడెను. కొలది దినములకు కొప్పి కొండదారిలో అందఱిని విడిచి ముందునకు పోయి, మొత్తము కాలములో ప్రథముడయ్యెను. పిదప ఒక కొండదారిలో కుఱ్ఱవాడు డస్సి దిగిపోదునని తలచిన వేళ, నాయకుడైన బార్తలియే అతనిని గదిమి, ధైర్యము చెప్పి, ముందునకు నడిపెను. ఆ జూన్ 9వ తేదీన కొప్పి ఇరువదేండ్ల ప్రాయమున విజేతగా మిలాను నగరము చేరెను. ఆ పందెమును అంత చిన్న వయసున గెలిచినవాడు అంతకుముందు లేడు. మఱునాడే ఇటలీ యుద్ధమున దిగెను.

యుద్ధము అతని యౌవనమును మ్రింగివేసెను. సైనికుడుగా నుండియే 1942 నవంబరు 7వ తేదీన, బాంబుల భయమున నున్న మిలాను నగరమున, విగొరెల్లి పందెపు బాటమీద గంటకాలములో 45 కిలోమీటర్ల 798 మీటర్లు త్రొక్కి ప్రపంచమున నూతన పరిమితి నెలకొల్పెను. దానిని 1956లో ఫ్రాన్సు దేశీయుడు జాక్ ఆంక్వెతీల్ దాటువఱకు పదునాలుగేండ్లు మఱెవ్వరును దాటజాలరైరి. కాని ఆ కీర్తి అతనిని యుద్ధమునుండి తప్పింపలేదు. 1943లో ఆఫ్రికాకు పంపబడి, ఆ ఏప్రిల్ మాసముననే ట్యునీసియాలో ఆంగ్లేయ సైన్యమునకు చిక్కి ఖైదీ యయ్యెను. 1945లో గాని స్వదేశపు నేల త్రొక్కలేదు.

యుద్ధానంతరము 1946 మార్చి 19వ తేదీన మిలాను నగరమునుండి సముద్రతీరమందలి సాన్ రేమో వఱకు సుమారు 290 కిలోమీటర్ల పందెము జరిగెను. కొప్పి తొలిభాగముననే ముందునకు దుమికి, పర్వతమును దాటి, పిమ్మట ఒంటరిగా పోయి, రెండవవానికంటె 14 నిమిషములు ముందుగా గమ్యము చేరెను. శిథిలములైన వంతెనలు, కూలిన యిండ్లు, ఆకలిగొన్న జనము గల ఆనాటి ఇటలీలో ఈ గెలుపు ప్రజలకు తమ దేశము మరల లేచి నిలిచినట్లు తోచెను.

అటుపిమ్మట అతని జైత్రయాత్ర సాగెను. ఇటలీ చుట్టుపందెమును 1940, 1947, 1949, 1952, 1953 సంవత్సరములలో ఐదుమాఱులు గెలిచెను. ఫ్రాన్సు చుట్టుపందెమును 1949, 1952 సంవత్సరములలో గెలిచెను. ఒకే సంవత్సరమున రెండింటిని గెలిచిన మొదటి పురుషుడు ఇతడే. ఇన్నింటిలోను తలమానికమైనది 1949 జూన్ 10వ తేదీన కూనెయోనుండి పినెరోలో వఱకు జరిగిన దినపందెము. త్రోవలో ఐదు మహాపర్వతపు కనుమలు. కొప్పి మొదటి కనుమమీదనే అందఱిని విడిచి, 192 కిలోమీటర్లు ఒంటరిగా త్రొక్కి గమ్యము చేరెను. రెండవవాడు 11 నిమిషముల 52 సెకండ్ల తరువాత వచ్చెను. ఆ రెండవవాడు మఱెవ్వరో కాడు, బార్తలియే.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయందు చదువుచున్న దినములలో ఈ 192 కిలోమీటర్ల కథ మా కంటబడెను. చదివి నివ్వెఱపోతిమి. మోటారు లేదు, గుఱ్ఱము లేదు, ఒక బక్కవాడు, రెండు చక్రములు, ఐదు పర్వతములు. మానవుడు తన యెముకల బలముతోడనే ఇంత చేయగలడా యని సంతోషించితిమి. కొరింథీయులకు వ్రాసిన పత్రికయందు అపొస్తలుడైన పౌలు పందెపు పరుగును ఆత్మసాధనకు పోలికగా తీసికొనుట ఎంత సముచితమో ఆనాడు మాకు స్పష్టమయ్యెను. నాటినుండి జూలై మాసము వచ్చినచో టెలివిజనుముందు కూర్చుండి ఫ్రాన్సు చుట్టుపందెము చూచుట మాకు వ్యసనమయ్యెను. ఇది మా భావమున మొదటి ఘట్టము.

తెలిసినకొలదిని పందెపు లోపలి వ్యవహారము కానవచ్చుట మొదలిడెను. 1952వ సంవత్సరపు ఫ్రాన్సు చుట్టుపందెములోని యొక ఉదంతము మమ్ము మిక్కిలి ఆలోచింపజేసెను. కొప్పి సేవకులలో ఆంద్రెయా కార్రెయా అను నతడు కలడు. ఇతడు యుద్ధకాలమున జర్మనులచే బూకెన్‌వాల్డు నిర్బంధశిబిరమునకు కొనిపోబడి, చావు తప్పి వచ్చినవాడు. ఒకనాడు ముందునకు పోయిన గుంపును కనిపెట్టియుండుటకై వారివెంట పోగా, లోజాన్ నగరము చేరునప్పటికి మొత్తము కాలములో తానే ప్రథముడనియు, పసుపుపచ్చని గౌరవాంగీని తానే ధరింపవలెననియు చెప్పిరి. ఆ యంగీ ప్రతి పందెగానికిని స్వప్నము. కార్రెయా సంతసింపక కన్నీరు పెట్టుకొనెను. నాయకుని స్థానమును తాను తీసికొంటినే, అతడు కోపించునేమో యని అతని భయము. కొప్పి నవ్వి అభినందించెను. మఱునాడు ఆల్ప్ ద్యుయెజ్ పర్వతమును ఎక్కి ఆ యంగీని తానే గెలుచుకొనెను. కార్రెయా ఊపిరి పీల్చుకొనెను.

విశ్వాసపాత్రుడైన సేవకుడని ఈ కథను మెచ్చుకొనువారు కలరు. మాకును కార్రెయాయెడల గౌరవమే కలిగెను. కాని నిర్బంధశిబిరమును తాళుకొన్న పురుషుడు తనకు దక్కిన గౌరవమును చూచి భయపడవలసిన క్రీడ ఎట్టిదని ప్రశ్నయు పుట్టెను. కొప్పి ఒంటరిగా గెలిచెనని వ్రాయుదురు గాని, అతడు ఒంటరి యగువఱకు అతని ముందు గాలి కోసినవారి పేర్లు కొలదిమందికే తెలియును.

ఇంతకంటె గట్టి దెబ్బ మందులవలన తగిలెను. అలసటను మఱపించి శక్తిని పొంగించు ఆంఫెటమిను మందులు రెండవ ప్రపంచయుద్ధమున సైనికులకు ఇయ్యబడి, యుద్ధము ముగిసిన పిమ్మట పందెగాండ్ర సంచులలో చేరెను. కొప్పి టెలివిజనువారు అడుగగా ఈ సంగతిని దాచలేదు. అవసరమైనపుడు తానును వాడుదుననియు, ఆ యవసరము దాదాపు ఎల్లప్పుడు కలుగుచునే యుండుననియు అర్థము వచ్చునట్లు నవ్వుచు చెప్పెను. ఆనాడు దానిని నిషేధించు చట్టము లేదు. ఫ్రాన్సులో 1965లో చట్టమును, 1966లో చుట్టుపందెమున పరీక్షయు వచ్చెను. 1967 జూలై 13వ తేదీన ఆంగ్లేయుడైన టామ్ సింప్సన్ మండుటెండలో వాంతూ పర్వతమెక్కుచు పడి చనిపోగా అతనివద్ద ఆంఫెటమిను మాత్రలు దొరికెను. అప్పుడు గాని లోకము ఆ నవ్వులోని విషమును గుర్తింపలేదు.

మా కాలమున ఆ విషము ఇంకను ప్రబలెను. 1999 మొదలు 2005 వఱకు వరుసగా ఏడుమాఱులు ఫ్రాన్సు చుట్టుపందెమున ప్రథముడైన అమెరికా దేశీయుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగు ఆ యేడు గెలుపులును నిషిద్ధౌషధములవలన గెలిచినవని 2012లో తేలి, అవి రద్దు చేయబడెను. 2013 జనవరిలో అతడే టెలివిజనులో ఒప్పుకొనెను. 1998లో కొప్పివలె రెండు చుట్టుపందెములను ఒకే యేట గెలిచిన ఇటలీవాడు మార్కో పాంతాని, రక్తపరీక్షలో అనుమానింపబడి, కీర్తి మసిబాఱి, 2004 ఫిబ్రవరి 14వ తేదీన మాదకద్రవ్యములకు బలియై ఒంటరిగా మరణించెను. మేము చప్పట్లు కొట్టిన కొండలన్నియు ఒక్కటొక్కటిగా కూలిపోవుచున్నట్లు తోచెను. కొన్ని యేండ్లు జూలై మాసమున టెలివిజను తెఱువలేదు. పందెమనిన రోత పుట్టెను. ఇది రెండవ ఘట్టము.

ఆ దినములలో కొప్పి కథ యందలి తక్కిన సగమును చదివితిమి. గెలుపులనుగూర్చి వ్రాయువారు సాధారణముగా దీనిని తొందరగా దాటిపోవుదురు.

కొప్పికి సెర్సె అను తమ్ముడుండెను. ఇతడును పందెగాడే, నవ్వుముఖము గలవాడు, అన్నకు తోడునీడ. 1951 జూన్ 29వ తేదీన పియెమొంతె పందెము ముగింపునకు వచ్చుచుండగా టూరిను వీథులలో ట్రాము పట్టాల నడుమ చక్రము చిక్కి సెర్సె పడెను. తలకు దెబ్బ తగిలెను. ఐనను లేచి పందెము ముగించి బసకు చేరెను. సాయంకాలమునకు ప్రాణము విడిచెను. కొలది దినములలోనే అన్న ఫ్రాన్సు చుట్టుపందెమునకు పోవలసి వచ్చెను. ఆ యేడు అతడు పదవవాడుగా మిగిలెను. విచిత్రమేమనగా, అతని ప్రత్యర్థి బార్తలియు 1936లో తన తమ్ముని పందెపు ప్రమాదముననే కోల్పోయియుండెను. పత్రికలు శత్రువులుగా చిత్రించిన యీ యిరువురికిని దుఃఖము మాత్రము ఒక్కటే.

1953లో కొప్పి మంచుగోడల నడుమ 2,758 మీటర్ల ఎత్తుగల స్తెల్వియో కనుమను ఎక్కి, స్విట్జర్లాండు వీరుడు హ్యూగో కోబ్లెత్‌ను వెనుకకు ద్రోసి ఐదవమాఱు ఇటలీ చుట్టుపందెమును గెలిచెను. ఆ యాగష్టులోనే లుగానో నగరమున ప్రపంచవిజేత యయ్యెను. ఇది శిఖరము. అక్కడనుండి అతని జీవితము దిగుడుదారి పట్టెను. భార్యయు కూతురును ఉండగా అతడు ఒక వైద్యుని భార్యయెడల అనురాగము పెంచుకొని, గృహమును విడిచెను. పత్రికలవారు ఆమెకు తెల్లదుస్తుల స్త్రీ యని పేరుపెట్టి దినదినము వ్రాసిరి. ఆనాటి ఇటలీ చట్టము ప్రకారమిది నేరము. అర్ధరాత్రమున పోలీసులు వచ్చి తలుపు తట్టిరి. ఆమె కొన్ని దినములు చెఱసాలలో నుంచబడెను. 1955లో ఇరువురికిని శిక్ష విధింపబడి, అమలు జరుపక నిలుపబడెను. ఇతని నొకప్పుడు భుజములమీద మోసిన జనమే త్రోవప్రక్క నిలిచి తిట్టిరి; ఉమ్మివేసిరి.

అతడు చేసినది తప్పు కాదని మేము చెప్పము. వివాహము పవిత్రమని మా విశ్వాసము. విడువబడిన యిల్లాలి కన్నీటికి ఏ పసుపుపచ్చని యంగియు వెల కాజాలదు. కాని త్రోవప్రక్క నిలిచిన ఆ జనమునుగూర్చి చదువునపుడు యోహాను సువార్తయందు ఱాళ్లు చేతబట్టుకొని నిలిచిన గుంపు మా కన్నులయెదుట నిలిచెను. అతనిని దేవునిగా చేసినదియు ఆ చేతులే, ఉమ్మిన నోళ్లును ఆ గుంపువే. చప్పట్లు కొట్టువానికిని ఱాయి విసరువానికిని నడుమ దూరము మిక్కిలి కొంచెమని తెలియవచ్చెను. పందెముయెడల మాలో పుట్టిన రోతను ఈ తూనికలోనే పెట్టి మరల తూచితిమి.

కొప్పి విరమింపలేదు. నలువదవ యేడు వచ్చుచున్నను చిన్న చిన్న పందెములలో కుఱ్ఱవాండ్ర వెనుక త్రొక్కుచుండెను. 1959 డిసెంబరులో పశ్చిమాఫ్రికాయందలి అప్పర్ వోల్టా దేశమునకు, అనగా నేటి బుర్కినా ఫాసోకు, మఱికొందఱు పందెగాండ్రతో కూడి పందెమునకును వేటకును పోయెను. అచ్చట అతనిని, మిత్రుడైన ఫ్రాన్సు దేశీయుడు రఫాయెల్ జెమినియానిని దోమలు కుట్టెను. ఇంటికి తిరిగి వచ్చిన కొలది దినములకు ఇరువురికిని తీవ్రజ్వరము పట్టెను. ఫ్రాన్సులో వైద్యులు జెమినియాని రక్తమును పరీక్షించి మలేరియా యని గుర్తించి క్వినైను ఇచ్చిరి. అతడు స్మృతి తప్పియు బ్రదికి, తొంబదితొమ్మిదేండ్లు జీవించి 2024లో గతించెను. ఇటలీలో వైద్యులు కొప్పి జ్వరమును వేఱు వ్యాధిగా భావించి చికిత్స చేసిరి. 1960 జనవరి 2వ తేదీ ఉదయమున తోర్తోనా ఆసుపత్రిలో, నలువదేండ్ల ప్రాయమున, కొప్పి కన్నుమూసెను.

చలిజ్వరము మన సీమకు క్రొత్త కాదు. కొయినా యని మన పెద్దలు పిలిచెడి క్వినైను ఎన్ని కుటుంబములను కాపాడెనో లెక్కలేదు. ఈ జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవి దోమ కడుపులో నుండుటను రొనాల్డ్ రాస్ 1897 ఆగష్టు 20వ తేదీన మన సికింద్రాబాదుననే కనుగొనెను. అఱువదిరెండేండ్ల పిమ్మట, లోకమంతయు ఎఱిగిన వ్యాధి, లోకమంతయు ఎఱిగిన మందు, లోకమంతయు ఎఱిగిన వీరుడు; ఐనను ఒక రక్తపరీక్ష జరుగకపోవుటచే ఆ ప్రాణము పోయెను. ఐదు కనుమలు ఆపలేని వానిని ఒక దోమ ఆపెను. జ్వరము వచ్చినపుడు రక్తపరీక్ష చేయించుకొనుటలో అలసత్వము తగదని విద్యార్థులు ఈ సందర్భమున గుర్తుంచుకొందురు గాక.

ఇక బార్తలినిగూర్చి ఒక మాట. కొప్పికంటె ఐదేండ్లు పెద్దవాడైన యితడు 2000 సంవత్సరమున మరణించెను. యుద్ధకాలమున ఇతడు చేసిన పని బ్రదికియున్నంతకాలము లోకమునకు చాటుకొనలేదు. ఫ్లోరెన్సు పరిసరములలో యూదులు వేటాడబడుచుండిన 1943, 1944 సంవత్సరములలో వారిని కాపాడుటకు కావలసిన మాఱుపేర్ల గుర్తింపుపత్రములను సైకిలు గొట్టములలో దాచి, సాధనకై త్రొక్కుచున్నట్లు నటించుచు అసీసీ మొదలగు ఊళ్లకు చేరవేసెను. పట్టుబడినచో మరణమే. ఒక యూద కుటుంబమునకు తలదాచుకొన చోటును ఇచ్చెను. యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ 2013లో అతనిని నీతిమంతుల పట్టికలో చేర్చెను. కొండమీది ప్రసంగమున ధర్మకార్యములనుగూర్చి ప్రభువు నేర్పిన రహస్యనియమమును ఇతడు పాటించెనని చెప్పవచ్చును.

ఇట్లు చెప్పుటవలన బార్తలిని ఎత్తి కొప్పిని దించుట మా యుద్దేశము కాదు. 1952లో ఫ్రాన్సు చుట్టుపందెమున ఒక కనుమ ఎక్కుచుండగా తీసిన ఛాయాచిత్రము నొకదానిని ఇటలీవారు నేటికిని దాచుకొందురు. అందు ఈ యిద్దఱి నడుమ ఒక నీటి సీసా చేతులు మాఱుచున్నది. ఎవడు ఇచ్చెను, ఎవడు పుచ్చుకొనెను అను వివాదము దశాబ్దములుగా సాగినది. ఆ చిత్రమును చూచినపుడెల్ల మాకు వివాదము స్ఫురింపదు. దప్పిగొన్న ఇద్దఱు మనుష్యులు స్ఫురింతురు.

నేడు మా భావము మూడవ ఘట్టమున నిలిచియున్నది. జూలై మాసమున మరల టెలివిజను తెఱచుచున్నాము. 2008నుండి పందెగాండ్ర రక్తపు లెక్కలను ఏటేట వ్రాసియుంచి సరిచూచు పద్ధతి వచ్చినది. పాంతానికి పిమ్మట ఎవ్వరికిని సాధ్యము కాని రెండు చుట్టుపందెముల గెలుపును 2024లో స్లొవేనియా దేశపు తదేయ్ పొగాచార్ సాధింపగా సంతోషముతో చూచితిమి. కాని నాటివలె మొదటివానిమీదనే కన్ను నిలుపుట లేదు. నీళ్లసీసాలు అంగీలో క్రుక్కుకొని వెనుకనుండి వచ్చువానిని, తన చక్రమును ఊడదీసి యిచ్చి త్రోవప్రక్క నిలిచిపోవువానిని, గడువు ముగియక మున్నే గమ్యము చేరవలెనని కడపట పెనగులాడువానిని చూచుచున్నాము. మనుష్యులను దేవుండ్లను చేయనక్కఱలేకయే మెచ్చుకొనవచ్చుననుట ఈ క్రీడ మాకు నేర్పినది. అందువలన మా ప్రేమ తగ్గలేదు. దానికి చూపు వచ్చినది.

ఇటలీ చుట్టుపందెమున ఏటేట మిక్కిలి ఎత్తైన కనుమకు 1965నుండి కొప్పి శిఖరమని పేరు పెట్టుచున్నారు. అతడు పుట్టిన కుగ్రామము 2019లో కాస్తెల్లానియా కొప్పి యని తన పేరుననే అతని పేరును చేర్చుకొన్నది. ఆ జనము అతని తప్పులెఱుగక ఈ గౌరవము చేయలేదు; ఎఱిగియే చేసినారు.

విద్యార్థులారా! మీరును ఎవరినో ఒకరిని మెచ్చుకొందురు. ఆటగానినో, నటునో, నాయకునో. మెచ్చుకొనుడు, అది యౌవనమునకు సహజము. కాని అతడు గెలిచినపుడు అతని ముందు గాలి కోసినవాడెవ్వడో విచారింపుడు. అతడు పడినపుడు చేతిలోని ఱాతిని నేల విడువుడు. గెలుపుకొఱకు ఎవ్వరైన మాత్రయో సూదియో చూపినచో ఓటమినే పుచ్చుకొనుడు. మఱియు ఈ ఆషాఢమున గాలికెదురుగా సైకిళ్లమీద ఇండ్లకు మరలునపుడు బలవంతుడైనవాడు ముందు పోవలెను. అతడు అలసినపుడు వెనుకవాడు అడుగకయే ముందునకు రావలెను. అట్లు వంతులు మార్చుకొనుచు పోయినచో అందఱును ప్రొద్దుగ్రుంకక మున్నే ఇల్లు చేరుదురు.